చిన్న కాలేజీ ఊళ్లో మంచి క్రాఫ్ట్ బీర్ వెతుకులాట: ప్రాజెక్టు డైరీ

దశ 1: చోట్ల జాబితా

ఊళ్లో బీరు అమ్మే చోట్లు 11 తేలాయి. క్యాంపస్ చుట్టూ 4 బార్లు, ఊరి మధ్యలో 20 ట్యాపుల (పీపాలోంచి బీరు పట్టే కుళాయిల) బార్ ఒకటి, పక్క వీధిలో 6 ట్యాపుల చిన్న బార్ ఒకటి, 2 రెస్టారెంట్లు, 2 సూపర్‌మార్కెట్లు, సీసాలూ క్యాన్లూ మాత్రమే అమ్మే షాపు ఒకటి.

మొదటి వడపోత రేటింగ్ యాప్‌తో చేసి చూశాను. పనికి రాలేదు. ఒక ఐపీఏకి (ఇండియా పేల్ ఏల్, హాప్స్ అనే పువ్వులు దట్టంగా వేసే చేదు బీరు) 5కి 4.2 మార్కులు వచ్చాయంటే, తయారైన చోటే తాజాగా తాగినవాళ్ల మార్కులూ, ఆరు నెలలు నిలవున్న క్యాన్ తాగినవాళ్ల మార్కులూ అందులో కలిసిపోయి ఉంటాయి. నా ముందున్న గ్లాసు గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. ఇలాంటి ఊరికి వచ్చే క్రాఫ్ట్ బీరు (చిన్న తయారీదారులు చేసేది) చాలావరకు బాగా తయారైనదే. పాడయ్యేది దారిలో, షెల్ఫు మీద, ట్యాపు పైపులో. అందుకని యాప్ పక్కన పెట్టేసి ప్రశ్నే మార్చుకున్నాను: ఏ బీరు మంచిదో తర్వాత చూద్దాం, ముందు ఏ చోట బీరు పాడవకుండా చేతికొస్తోందో తేల్చాలి. డైరీ అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది.

1. రద్దీ లేని వేళ, మధ్యాహ్నం దాటాక వెళ్లాలి. అడిగినదానికి జవాబు చెప్పే తీరిక అప్పుడే ఉంటుంది.
2. పెద్ద కంపెనీల పల్చటి లాగర్ కాకుండా ఏమేం ఉన్నాయో రాసుకోవాలి.
3. ఏమీ లేకపోతే ఆ చోటు కొట్టేయాలి.

2 రెస్టారెంట్లు, 2 క్యాంపస్ బార్లు ఇక్కడే పోయాయి.

ఇప్పటి లెక్క: 11 చోట్లలో మిగిలినవి 7. పనిముట్లు: నోటుపుస్తకం, పెన్ను.

దశ 2: తేదీ చదవడం

సీసా, క్యాన్ దగ్గర మొదలుపెట్టాను, ఎందుకంటే అక్కడ రుజువు అచ్చు వేసి ఉంటుంది. క్యాన్ అడుగున, సీసా మెడ దగ్గర, లేబుల్ అంచున వెతకాలి. అచ్చు చిన్నది, చాలాసార్లు సగం చెరిగిపోయి ఉంటుంది. ఫ్రిజ్ వెలుగులో కనపడదు. చిన్న టార్చి ఒకటి జేబులో వేసుకున్నాక పని సులువైంది.

మూడు రకాల అచ్చులు కనిపించాయి.

మొదటిది నింపిన తేదీ. ఇదే నిక్కమైనది.

రెండోది "ఫలానా తేదీలోగా తాగితే మేలు" అనే తేదీ. దీంతో చిక్కు ఉంది. ఒక తయారీదారు 3 నెలల గడువు పెడతాడు, ఇంకొకడు 9 నెలలు, మరొకడు ఏడాది. రెండు క్యాన్ల మీదా ఒకే గడువు తేదీ ఉన్నా, ఒకటి నెల కిందటిదీ ఇంకోటి పది నెలల కిందటిదీ కావచ్చు. ఆ తయారీదారు ఎంత గడువు పెడతాడో తెలిస్తేనే వెనక్కి లెక్కవేయగలం. నోటుపుస్తకం చివరి పేజీలో దీనికో పట్టిక రాసుకుంటూ వస్తున్నాను.

మూడోది అంకెల కోడ్. 5200 అని ఉంటే చాలాసార్లు మొదటి అంకె సంవత్సరం, తర్వాతి మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. అంటే 2025లో 200వ రోజు, జూలై 19. లీపు సంవత్సరమైన 2024లో అయితే అదే 200వ రోజు జూలై 18. అయితే ఈ పద్ధతి అందరిదీ కాదు. కొందరు సొంత కోడ్ వాడతారు, అది బయటివాళ్లకి అర్థం కాదు. అర్థం కాని కోడ్ ఉన్నది కొనడం మానేశాను.

తేదీ ఒక్కటే చాలదని రెండో వారంలోనే తేలింది. సూపర్‌మార్కెట్లలో ఒకదాంట్లో 20 రోజుల కిందటి ఐపీఏ దొరికింది, తెరిస్తే హాప్స్ వాసన దాదాపు లేదు. మళ్లీ వెళ్లి చూస్తే ఆ క్యాన్ల పెట్టెలు కిటికీ పక్కన, ఎండ పడే చోట దొంతరగా పేర్చి ఉన్నాయి. అమ్ముడుపోయేకొద్దీ అందులోంచే తీసి ఫ్రిజ్‌లో సర్దుతున్నారు. తేదీ నిజమే, చల్లదనం మాత్రం మధ్యలో వచ్చింది.

బీరు అమ్మేవాళ్లు వాడే ఒక మోటు సూత్రం ఉంది: 3, 30, 300. సుమారు 32 డిగ్రీల సెల్సియస్ వేడిలో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు ఉంచితే బీరు ఇంచుమించు ఒకే మేరకు ముసలిదవుతుంది. దీన్ని నేను ఖర్చు పద్దులా మార్చుకున్నాను. ప్రతి బీరుకీ 300 ఫ్రిజ్ రోజులు జమ. గది వేడిలో ఒక రోజుంటే 10 ఖర్చు. ఎండ కాసే చోట 32 డిగ్రీల్లో ఒక రోజుంటే 100 ఖర్చు. ఆ లెక్కన గదిలో 20 రోజులు, తర్వాత ఫ్రిజ్‌లో 50 రోజులు గడిపిన క్యాన్ 250 ఖర్చు చేసేసింది. కిటికీ పక్కన మూడు మండుటెండ రోజులు గడిపిన కొత్త క్యాన్‌లో మిగిలింది సున్నా.

సూత్రం మోటుదే, హాప్స్ దట్టంగా వేసిన బీర్లు దీనికంటే త్వరగా వాడిపోతాయి. అయినా షాపులో నిలబడి కొనాలా వద్దా తేల్చుకోవడానికి ఇంతకంటే పనికొచ్చేది నాకు దొరకలేదు.

1. అచ్చు తేదీ చదవాలి.
2. "ఇది వచ్చినప్పటినుంచీ ఫ్రిజ్‌లోనే ఉందాండీ?" అని అడగాలి. విసుక్కోని షాపే మనకు కావాల్సిన షాపు.
3. పద్దు వేయాలి. ఐపీఏకి 120 దాటితే వద్దు. పిల్స్‌నర్‌కి (లేత రంగు లాగర్) 180. ఆల్కహాల్ 9 శాతం దాటిన నల్ల స్టౌట్‌కి ఈ పద్దు అక్కర్లేదు (ఎందుకో దశ 3లో).

ఇప్పటి లెక్క: మిగిలినవి 6. కిటికీ సూపర్‌మార్కెట్ పోయింది. పనిముట్లు: నోటుపుస్తకం, టార్చి, తేదీల పట్టిక.

దశ 3: ముక్కుకి తర్ఫీదు

"తడి అట్ట వాసన" (పాతబడిన బీరుది), "స్కంక్ కంపు" (స్కంక్ అనే జంతువు చిమ్మే కంపు లాంటిది) అని చదవడం వేరు, బార్‌లో కూర్చుని గ్లాసులో దాన్ని గుర్తుపట్టడం వేరు. ఈ దశ దాటవేయాలనిపిస్తుంది, దాటవేయొద్దు. దీని తర్వాతే మిగతా కొలతలకి అర్థం వచ్చింది.

పద్ధతి: త్రికోణ పరీక్ష. మూడు గ్లాసులు, రెండింటిలో ఒకే బీరు, ఒకదాంట్లో వేరేది. తేడాగా ఉన్నది ఏదో చెప్పాలి. ఊరికే చెప్పేసినా మూడింట ఒక వంతు సరిపోతుంది కాబట్టి ఒక్కరి మాట చాలదు. ఆరుగురు కావాలి. ఆరుగురిలో కనీసం ఐదుగురు సరిగ్గా చెబితేనే తేడా నిజమని లెక్క. నలుగురైతే అది అదృష్టం కావడానికి పదింట ఒక వంతు అవకాశం ఉంటుంది, నేను ఒప్పుకోను. అందరూ చట్టం ఒప్పుకున్న వయసువాళ్లే, ఆ సాయంత్రం ఎవరూ బండి నడపరు.

1. బీర్లు రెండూ ఒకే ఫ్రిజ్‌లో, ఒకే వేడిమికి తేవాలి. ఒకటి చల్లగా ఇంకోటి కాస్త వెచ్చగా ఉంటే అందరూ దాన్ని బట్టే చెప్పేస్తారు.
2. ఒక్కో గ్లాసులో 50 మిల్లీలీటర్లు.
3. వరుసలు ఆరు: అఅఆ, అఆఅ, ఆఅఅ, ఆఆఅ, ఆఅఆ, అఆఆ. మనిషికొక వరుస. రెండు రకాలూ 450 మి.లీ. చొప్పున సరిపోతాయి.
4. గ్లాసుల మీద మూడంకెల నంబర్లు రాయాలి. 1, 2, 3 అని రాస్తే జనం మధ్యదాన్ని అనుమానిస్తారు.
5. పోసేవాళ్లు వేరే గదిలో ఉండాలి, రుచి చూడకూడదు.

పరీక్ష ఒకటి, వెలుతురు. ఆకుపచ్చ సీసాలో వచ్చే లాగర్ ఒకే పెట్టెలోవి తీసుకున్నాం. సగం సీసాలకి రేకు చుట్టి, అన్నింటినీ మిట్టమధ్యాహ్నం ఎండలో అరగంట ఉంచి, మళ్లీ చల్లబరిచాం. ఆరుగురిలో ఆరుగురూ పట్టేశారు. హాప్స్ చేదునిచ్చే ఐసోహ్యుములోన్లు వెలుతురుకి విరిగి, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నుంచి వచ్చే రైబోఫ్లేవిన్ తోడుగా, గంధకం ఉన్న ఒక థయోల్ పుడుతుంది. స్కంక్ కంపు దీనిదే. లక్ష కోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా ముక్కు దాన్ని కనిపెట్టేస్తుంది. ముదురు గోధుమరంగు సీసా ఆ వెలుతుర్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చదీ రంగులేనిదీ ఆపలేవు, క్యాన్‌లోకి వెలుతురు పోనే పోదు. ఆ రోజు నుంచి నేను షాపు ఫ్రిజ్‌లో ముందు వరుస సీసా తీసుకోవడం లేదు, ట్యూబులైటుకి దూరంగా వెనక ఉన్నదే తీస్తాను.

పరీక్ష రెండు, వేడి. ఒకే రోజు నింపిన ఐపీఏ క్యాన్లు కొన్ని ఫ్రిజ్‌లో, కొన్ని అల్మరాలో నెల రోజులు. ఐదుగురు పట్టుకున్నారు. అల్మరా క్యాన్‌లో నారింజ తొక్క వాసన పోయి తేనె లాంటి తీపి మిగిలింది, చేదు మాత్రం అలాగే ఉంది. వాసన పోయాక ఆ చేదు ఒంటరిగా, గరుకుగా తగులుతుంది. ఊళ్లో చాలామంది "ఐపీఏ అంటే వట్టి చేదు" అనుకోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. వాళ్లకి దొరికింది ఎప్పుడూ ఆ వాడిపోయిన ఐపీఏనే.

పరీక్ష మూడు, అదే పద్ధతి 10 శాతం స్టౌట్‌తో. ఇద్దరే సరిగ్గా చెప్పారు. ఆరుగురిలో ఇద్దరంటే కళ్లు మూసుకుని చెప్పినా వచ్చేదే. పద్దు నుంచి స్టౌట్‌ని తప్పించింది అందుకే. చిన్న ఊళ్లో ఇది పెద్ద వెసులుబాటు: షెల్ఫు మీద నెలల తరబడి ఉన్నవాటిలో నిశ్చింతగా కొనదగ్గ రకం ఇదే.

తడి అట్ట వాసన కోసం వేరే పరీక్ష పెట్టలేదు. కిటికీ సూపర్‌మార్కెట్ క్యాన్లలో అడుగున మిగిలినవి ఆ పాఠం బాగానే చెప్పాయి.

దశ 4: ట్యాపులు

ఎక్కువ కాలం పట్టినదీ, ఎక్కువ పద్ధతులు మారినదీ ఇక్కడే.

మొదట బీజేసీపీ (బీరు పోటీల జడ్జీలకి తర్ఫీదిచ్చే సంస్థ) మార్కుల పత్రం వాడాను: వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో నిండుదనానికి 5, మొత్తం మీద 10, కలిపి 50. మంచి పత్రమే. కానీ అది ఆ బీరు తన శైలికి ఎంత దగ్గరగా ఉందో కొలుస్తుంది. నాకు కావాల్సింది బార్ ఆ బీరుని ఏం చేసిందో. 38 మార్కులొస్తే తగ్గిన 12 తయారీదారు ఖాతాలోకి వెళ్లాలా, పైపు ఖాతాలోకి వెళ్లాలా తెలియదు. వదిలేశాను. దాని బదులు ఐదు గడులు: పీపా తగిలించిన రోజు, మొదటి గ్లాసు వేడిమి, గ్లాసు శుభ్రత, చెడు వాసన ఏదైనా, మళ్లీ అడుగుతానా లేదా.

థర్మామీటర్ కూడా మారింది. తుపాకీలా గురిపెట్టే రకం ముందు వాడాను. అది గ్లాసు పై పొర వేడిమిని చెబుతుంది, లోపలి బీరుది కాదు. ఒకే గ్లాసు మీద 4 నుంచి 9 డిగ్రీల దాకా ఏదో ఒకటి చూపించేది. సన్నటి సూది ఉన్న డిజిటల్ థర్మామీటర్‌కి మారాను. దంచిన మంచులో నీళ్లు పోసి ముంచితే 0 చూపాలి, నాది 0.8 చూపింది. అన్ని కొలతల్లోంచీ 0.8 తీసేస్తున్నాను.

20 ట్యాపుల బార్: సాయంత్రం తలుపులు తీయగానే మొదటి గ్లాసు 11.2 డిగ్రీలు, అదే ట్యాపులోంచి మూడోది 5.1. పీపాల చల్లగది వెనక ఉంది, పైపు దాదాపు 8 మీటర్లని కౌంటర్లో చెప్పారు. లోపలి వ్యాసం 6.35 మిల్లీమీటర్ల పైపులో మీటరుకి సుమారు 32 మి.లీ. పడుతుంది. అంటే రాత్రంతా పైపులో నిలిచిన బీరు ఒక్కో ట్యాపుకి పావు లీటరు పైమాటే. మొదటి అరలీటరు గ్లాసులో సగం అదే.

6 ట్యాపుల బార్: పీపాలు కౌంటర్ కిందే. 4.76 మిల్లీమీటర్ల పైపు, 2 మీటర్లు. మీటరుకి 18 మి.లీ. చొప్పున 36 మి.లీ. మొదటి గ్లాసు 6.0, మూడోది 5.0.

దీన్ని బట్టి నియమం పెట్టుకున్నాను: పొడవు పైపు బార్‌లో ఆ సాయంత్రపు మొదటి గ్లాసు నాది కాకూడదు. ఎవరో ఇద్దరు ముగ్గురు అదే ట్యాపు తాగాక అడుగుతాను.

అసలు తేడా మాత్రం తిరుగుడులో ఉంది. 50 లీటర్ల పీపా అంటే అరలీటరు గ్లాసులు 100. నురగకీ పారబోతకీ పోను 95 అనుకుందాం. 20 ట్యాపుల బార్‌లో సెజోన్ అనే బెల్జియం రకం బీరు రోజుకి 3 గ్లాసులు పోతోందని చెప్పారు. ఆ పీపా ఖాళీ కావడానికి నెల పైన పడుతుంది. 6 ట్యాపుల బార్ 20 లీటర్ల పీపాలు తెస్తుంది, ఏ రకమైనా రోజుకి 6 గ్లాసులకి తగ్గదు, వారంలో ఖాళీ. బీర్ల పేర్ల పొడుగాటి బోర్డు చూసి 20 ట్యాపుల బార్‌ని ఊరి గర్వంగా చెప్పుకుంటారు. అందులో వేగంగా తిరిగే 5 ట్యాపులు నిజంగా బాగుంటాయి, మిగతా 15 నేను ముట్టుకోను.

వెన్న వాసన గొడవ: మిగిలిన రెండు క్యాంపస్ బార్లలో ఒకదాంట్లో పేల్ ఏల్ కరిగిన వెన్న వాసనతో వచ్చింది. దాని పేరు డయాసిటైల్. తయారీలో ఈస్ట్ పని పూర్తికాకుండానే చల్లబరిచినా వస్తుంది, శుభ్రం చేయని పైపులో బ్యాక్టీరియా పెరిగినా వస్తుంది. ఎవరిదో తేల్చడం ఇలా:

1. అదే బీరు ఇంకో బార్ ట్యాపులో తాగాలి.
2. అదే బీరు క్యాన్‌లో తాగాలి.
3. మూడింట్లోనూ వెన్న ఉంటే తయారీదారుది. ఒక్కచోటే ఉంటే ఆ చోటి పైపుది.

ఒక్కచోటే వచ్చింది. "పైపులు ఎప్పుడు కడిగారండీ?" అని అడిగితే కౌంటర్లోని కుర్రాడికి ఆ పని ఉంటుందనే తెలియదు. పైపుల్ని రెండు వారాలకోసారి క్షార ద్రావణంతో, మూడు నెలలకోసారి ఆమ్లంతో కడగాలన్నది అమెరికా బ్రూయర్స్ అసోసియేషన్ ట్యాపు బీరు మాన్యువల్ చెప్పే లెక్క. క్షారం ఈస్ట్, ప్రొటీన్, హాప్స్ జిగురుల్ని తీస్తుంది, ఆమ్లం పైపు గోడకి పట్టే గారని తీస్తుంది. ట్యాపు మూతి విప్పి కడగడం కూడా అందులో భాగమే. కడిగిన తేదీ గోడ మీద రాసిపెట్టే బార్ ఎక్కడైనా కనిపిస్తే అక్కడ కూర్చోండి.

రెండో క్యాంపస్ బార్‌లో పైపు బాగానే ఉంది, గ్లాసులు బాగాలేవు. బీరు పోశాక నురగ కింద గ్లాసు గోడకి బుడగలు అంటుకుని ఉంటే అక్కడ జిడ్డో సబ్బో ఉన్నట్టు. శుభ్రమైన గ్లాసులో బుడగలు పైకి మాత్రమే వెళతాయి, తాగేకొద్దీ నురగ గుక్కకొక వలయంగా గోడకి నిలుస్తుంది. పైగా వాళ్లు గ్లాసుల్ని గడ్డకట్టించి ఇస్తారు. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ చలికి వాసన పైకి రాదు, మంచు పలుకులకి నురగ పొంగిపోతుంది. మామూలు గ్లాసు అడిగాను, లేదన్నారు.

ఇప్పటి లెక్క: మిగిలినవి 4. బాటిల్ షాపు, క్యాన్లకి మాత్రమే ఒక సూపర్‌మార్కెట్, 6 ట్యాపుల బార్, షరతులతో 20 ట్యాపుల బార్. పనిముట్లు: నోటుపుస్తకం, టార్చి, పట్టిక, సూది థర్మామీటర్.

దశ 5: కాలేజీ క్యాలెండర్

మామూలు చిన్న ఊరికీ కాలేజీ ఊరికీ తేడా ఇదే. తాగేవాళ్లలో పెద్ద భాగం ఒకేసారి వస్తారు, ఒకేసారి వెళ్లిపోతారు. సెలవులిచ్చిన రోజున సగమున్న పీపా, కాలేజీ తెరిచేనాటికీ సగంలోనే ఉంటుంది. పాశ్చరైజ్ చేయని పీపా చల్లగా ఉంచి కార్బన్ డయాక్సైడ్‌తో నడిపినా నిలిచేది నెలన్నర, రెండు నెలలు. క్రాఫ్ట్ పీపాలు చాలావరకు ఈ రకమే.

సెలవుల తర్వాత మొదటి వారం 20 ట్యాపుల బార్‌లో వేగంగా తిరిగే 5 ట్యాపుల్లో కూడా 2 వాడిపోయి వచ్చాయి. మూడో వారానికి అన్నీ కోలుకున్నాయి. ఇప్పుడు పద్ధతి ఇది:

1. సెలవుల్లో, సెలవుల తర్వాత రెండు వారాలు ట్యాపు మానేసి తేదీ చూసి క్యాన్లు.
2. సెమిస్టర్ మధ్యలో ట్యాపులకే మొగ్గు.
3. పరీక్షల వారం బార్లు ఖాళీ. పాత పీపాలు సాగదీస్తారు, అడక్కుండా ఏదీ తీసుకోకూడదు.
4. సరుకు బండి వచ్చే రోజు కనుక్కుని, మరుసటి రోజు షాపుకి వెళ్లాలి.

కౌంటర్లో పనిచేసేవాళ్లు కూడా విద్యార్థులే, సెమిస్టర్‌తో పాటు మారిపోతారు. పీపా తేదీ చెప్పే అలవాటున్న అమ్మాయి వెళ్లిపోతే ఆ అలవాటూ వెళ్లిపోతుంది. ఇప్పుడు యజమానితోనే మాట్లాడి, పీపా మీద తగిలించిన తేదీ చాక్‌పీసుతో రాసే పని 6 ట్యాపుల బార్‌లో మొదలుపెట్టించాను. వాళ్లకీ ఏ పీపా ఎంత కాలంలో అయిపోతోందో తెలుస్తోంది.

విద్యార్థుల పార్టీల్లో చేతి పంపుతో నడిపే పీపా గురించి ఒక్క మాట. అది లోపలికి గాలిని కొడుతుంది. ఆ బీరు ఆ రాత్రికే, మర్నాటికి పనికిరాదు. మంచి క్రాఫ్ట్ పీపాని ఆ పంపుకి తగిలించొద్దు.

దశ 6: తెప్పించుకోవడం

ఉన్నవాటిలో ఏరుకోవడం అయ్యాక, లేనిది రప్పించడం. మొదట బాటిల్ షాపులో ఒక పిల్స్‌నర్ పేరు చెప్పి తెప్పించమన్నాను. రాలేదు. కారణం సబబైనదే: పంపిణీదారు 24 క్యాన్ల పెట్టె కంటే తక్కువ ఇవ్వడు, నేను ఆరు కొంటే మిగతా 18 ఆ షాపు నెత్తిన పడతాయి.

త్రికోణ పరీక్షకి వచ్చినవాళ్లే ఇక్కడ పనికొచ్చారు. నలుగురం ఆరేసి చొప్పున పెట్టె మొత్తం ముందే చెప్పి, బండి వచ్చిన మర్నాడు తీసుకెళ్లిపోతాం. షాపుకి నిలవ భయం లేదు, మాకు ఫ్రిజ్‌లో ఒక్క రోజు ఉన్న బీరు దొరుకుతోంది. ఇలా వచ్చినవాటిలో అన్నిటికంటే పాతది నింపి 23 రోజులైనది. అంతకుముందు అదే షాపులో షెల్ఫు మీది ఐపీఏలు తరచూ 90 రోజులు దాటి ఉండేవి.

ట్యాపు బీరు ఇంటికి తెచ్చుకునే పెద్ద సీసా, గ్రౌలర్, కూడా ప్రయత్నించాం. ట్యాపు కింద పెట్టి ఊరికే నింపితే లోపల గాలి ఉండిపోతుంది, రెండో రోజుకే వాసన తగ్గింది. ముందు కార్బన్ డయాక్సైడ్ పట్టించి, ట్యాపుకి గొట్టం తగిలించి అడుగు నుంచి నింపితే మూడో రోజు కూడా బాగుంది. తెరిచాక మాత్రం అదే రోజు ముగించాలి. గొట్టం ఉన్నది 6 ట్యాపుల బార్‌లోనే కాబట్టి గ్రౌలర్ అక్కడే నింపిస్తాం.

ఇప్పటి లెక్క: చోట్లు 4, పెట్టె వాటాదారులు 4, తేదీల పట్టికలో గడువు తెలిసిన తయారీదారులు 17.

మిగిలిన పని: పిల్స్‌నర్‌కి నేను పెట్టిన 180 హద్దు ఇంకా పరీక్షకి నిలవలేదు. ఒకే పెట్టెలోంచి సగం క్యాన్లు ఫ్రిజ్‌లో, సగం అల్మరాలో పెట్టాను. 18 రోజులయ్యాక ఆరుగురితో త్రికోణ పరీక్ష. ఐదుగురు పట్టుకుంటే హద్దు 120కి దించుతాను, అంతకంటే తక్కువైతే 180లోనే ఉంచుతాను.